గరీబు కిస్తులు, అఫ్సర్ సవారీ



"హిట్లర్ ఎంత జాలిమ్ అయినా ఒక్క మంచి పని చేశాడు భాయ్, గరీబు వాడికి కారిచ్చాడు." ఈ మాట మీరూ వినే ఉంటారు. నేను చాయ్ హోటల్లో విన్నాను, వలీమా దావత్‌లో దస్తర్‌ఖాన్ ముందు విన్నాను, వాట్సాప్‌లో ఫోటోతో సహా చూశాను. ఫోటోలో గుండ్రటి వీపున్న బుల్లి బీటిల్ కారు ఉంటుంది. కింద నాలుగు లైన్ల తారీఫ్ ఉంటుంది. చదివినవాళ్లు "మాషా అల్లాహ్, ఎంత ముందుచూపు" అని ఇంకో పది మందికి పంపిస్తారు.

తారీఖ్‌లో ఇలాంటి మాటలకి నోటితో జవాబు చెప్తే బహస్ అవుతుంది. హిసాబ్‌తో చెప్తే ఖామోష్ అవుతారు. అందుకే ఈసారి ఒక కారు హిసాబ్ చెప్తాను. అది జర్మన్ ఫౌజీ అఫ్సర్లు రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన స్టాఫ్ కారు. చూడటానికి ఆ వాట్సాప్ ఫోటోలో ఉన్న బీటిలే. కానీ దాని కడుపులో ఉన్నది వేరే సామాను, దాని వెనక ఉన్నది వేరే కథ.

కారు పరిచయం

స్టాఫ్ కారు అంటే ఫౌజ్‌లో పెద్ద అఫ్సర్లు ఒక ఠికానా నుంచి ఇంకో ఠికానాకి తిరిగే కారు. జర్మన్ స్టాఫ్ కారు అనగానే చాలామందికి మెర్సిడెస్, హార్చ్ కంపెనీల పొడుగాటి బండ్లు గుర్తొస్తాయి. సినిమాల్లో ముందు జెండా ఎగురుతూ, వెనక జనరల్ సాబ్ కాలు మీద కాలు వేసుకుని కూర్చునే బండ్లు అవి. నేను చెప్పేది అంత షాన్ ఉన్న బండి కాదు. దాని పేరు కమాండర్‌వాగెన్, అంటే కమాండర్ బండి. ఫ్యాక్టరీ లెక్కలో టైప్ 87.

పైన బీటిల్ బాడీ. కింద నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందించే గేర్ సామాను. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. బురదలో, ఇసుకలో ఇరుక్కుంటే డ్రైవర్ లీవర్ వేసి ముందు చక్రాలని కూడా పనిలోకి దింపుతాడు. టైర్లు పెద్దవి, వాటి కోసం మడ్‌గార్డులు వెడల్పు చేశారు. నేల నుంచి ఎత్తు కూడా మామూలు బీటిల్ కంటే ఎక్కువ. వెనక ఉన్న ఇంజన్‌కి నీళ్లు అక్కర్లేదు, గాలితోనే చల్లబడుతుంది. యుద్ధం మధ్యలో, 1943లో దాన్ని 1131 సీసీకి పెంచారు. అప్పటికీ దాని బలం 25 హార్స్‌పవర్ మాత్రమే. ఇవాళ మన గల్లీల్లో తిరిగే చిన్న కార్లకి ఇంతకి రెట్టింపు పైనే ఉంటుంది.

ఈ టైప్ 87 బండ్లు మొత్తం మీద సుమారు 560 తయారయ్యాయి. ఇదే బాడీతో, నాలుగు చక్రాల లాగుడు లేకుండా 82ఈ అని ఇంకో రకం ఉంది. అదీ వందల్లోనే. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, చివర్లో కావాలి.

ఇది చేసిన కంపెనీ ఫోక్స్‌వ్యాగన్. జర్మన్‌లో ఆ మాటకి అర్థం "అవామ్ కారు", జనం బండి. ఈ పేరు మనకి కొత్త కాదు. 2005లో ఈ కంపెనీ ఫ్యాక్టరీ విశాఖపట్నానికి వస్తుందని ఎన్ని ఆశలు పెట్టుకున్నామో పెద్దవాళ్లకి యాదుంటుంది. చివరికి అది పూణె దగ్గర చాకన్‌కి వెళ్లింది. అది వేరే కథ. మనం 1934కి వెళ్దాం.

వాదా

1934లో బెర్లిన్ మోటార్ షో మొదలుపెడుతూ హిట్లర్ ఒక తక్రీర్ ఇచ్చాడు. కారు అమీర్ల సొత్తుగా ఉండకూడదు, మామూలు మజ్దూర్‌కీ అందాలి అన్నది దాని సారాంశం. అదే సంవత్సరం జూన్‌లో ఫెర్డినాండ్ పోర్షె అనే ఇంజనీర్‌తో డిజైన్ కోసం ఒప్పందం జరిగింది. భార్యాభర్తలు, పిల్లలు కూర్చోవాలి, గంటకి 100 కిలోమీటర్లు పోవాలి, ధర 1000 మార్కులు దాటకూడదు. అప్పట్లో జర్మనీలో చవక కారుగా పేరున్న ఓపెల్ పీ4 ధర 1,450 మార్కులు. అంటే దానికంటే దాదాపు మూడో వంతు తక్కువకి, దానికంటే మంచి కారు ఇస్తానన్నాడు. కార్ల కంపెనీల యజమానులు లోలోపల తలలు పట్టుకున్నారు. ఆ ధరకి ఖర్చు కూడా తిరిగి రాదని వాళ్లకి తెలుసు.

ఇక్కడ ఒక సంగతి. జనానికి చిన్న కారు అనే ఖయాల్ హిట్లర్‌ది కాదు. అతనికంటే ముందు యోసెఫ్ గాంజ్ అనే ఇంజనీర్ ఏళ్ల తరబడి తన మోటార్ పత్రికలో ఇదే రాశాడు. అతని ఆలోచనలతో కట్టిన, వెనక ఇంజన్ ఉన్న చిన్న కారు 1933లో బెర్లిన్ మోటార్ షోలో నిలబడింది కూడా. కానీ గాంజ్ యూదీ. అదే సంవత్సరం గెస్టాపో, అంటే నాజీల ఖుఫియా పోలీస్, అతన్ని గిరఫ్తార్ చేసింది. తర్వాత దేశం వదిలి పారిపోయాడు. 1967లో ఎక్కడో ఆస్ట్రేలియాలో గుమ్‌నామ్‌గా ఇంతిఖాల్ అయ్యాడు. "హిట్లర్ ముందుచూపు" అని వాట్సాప్‌లో పంపేవాళ్లు ఈ మనిషి పేరు ఎప్పుడూ పంపరు.

మరి ఫ్యాక్టరీకి పైసలు? అవీ హిట్లర్ జేబువి కావు. 1933 మే 2న నాజీలు దేశంలోని మజ్దూర్ యూనియన్ల దఫ్తర్లన్నిటి మీద పడి, వాటి బిల్డింగులు, బ్యాంకు ఖాతాలు జప్తు చేశారు. ఆ ఆస్తి అంతా రాబర్ట్ లై అనే నాజీ నాయకుడి చేతి కిందున్న "జర్మన్ లేబర్ ఫ్రంట్" అనే సర్కారీ సంస్థకి పోయింది. కార్ల ఫ్యాక్టరీ కట్టే పని 1937లో ఆ సంస్థకే అప్పగించారు. మజ్దూర్లు తరాల తరబడి చందాలు వేసి కూడబెట్టిన ఆస్తి అమ్మి, ఆ పైసలతో పునాది తవ్వారు.

1938 మే 26న ఫాలర్స్‌లేబెన్ అనే ఊరి దగ్గర పెద్ద జల్సా పెట్టి హిట్లర్ సంగ్-ఎ-బున్యాద్ వేశాడు. కారుకి కేడీఎఫ్ వాగెన్ అని పేరు పెట్టాడు. కేడీఎఫ్ అంటే "ఖుషీతో తాఖత్" అనే అర్థం వచ్చే జర్మన్ మాటల పొట్టి రూపం. మజ్దూర్లకి సెలవు యాత్రలు, తమాషాలు ఏర్పాటు చేసే నాజీ సంస్థ పేరు అది.

కిస్తు, రసీదు, జమ

అదే సంవత్సరం ఆగస్టు 1 నుంచి పైసలు వసూలు మొదలైంది. దీని తరీఖా మన ఇళ్లల్లో అందరికీ అర్థమవుతుంది. మా అమ్మీ మొహల్లాలో చీటీ కట్టేది. నెల మొదట్లో బియ్యం డబ్బా అడుగు నుంచి నోట్లు తీసి, రెండుసార్లు లెక్కపెట్టి నా చేతికిచ్చి పంపేది. చీటీ ఎత్తుకున్నప్పుడు ఆ డబ్బు ఎక్కడికి పోతుందో ముందే తయ్యార్‌గా ఉండేది: అప్పా పెళ్లి, ఇంటి రేకులు, అబ్బా మందులు. చీటీ నడిచేది కాగితాల మీద కాదు, భరోసా మీద.

జర్మన్ మజ్దూర్ కూడా అలాగే నమ్మాడు. కారు ధర 990 మార్కులు. వారానికి కనీసం 5 మార్కుల స్టాంపు కొని, కార్డు మీద అంటించాలి. అప్పుడు చాలామంది ఫ్యాక్టరీ మజ్దూర్ల వారం జీతం 30 మార్కులకి అటూ ఇటూ. అంటే జీతంలో ఆరో వంతు. వారానికి 5 చొప్పున 990 పూర్తవ్వాలంటే 198 వారాలు, దాదాపు నాలుగేళ్లు. పైన ఇన్సూరెన్స్ ఖర్చు 200 మార్కులు వేరే. 750 మార్కులు జమ అయ్యాక ఒక నంబరు ఇస్తారు, ఆ నంబరు వచ్చినప్పుడు కారు.

జమ చేసిన దానికి ఒక్క పైసా అదనంగా రాదు. కార్డు ఇంకొకరి పేరుకి మార్చటానికి లేదు. ఇష్టం వచ్చినప్పుడు మానేసి మొత్తం వాపస్ తీసుకోవటానికీ లేదు. మన మొహల్లాలో చీటీ నడిపే ఖాలా ఇలాంటి షరతులు పెడితే ఎవరైనా కడతారా? కానీ ఇది హుకూమత్ వాదా. పోస్టర్ మీద నవ్వుతున్న కుటుంబం, సరస్సు పక్కన కారు, మడత కుర్చీలు. మొత్తం మీద దాదాపు 3 లక్షల 36 వేల మంది చేరారు. యుద్ధం మొదలయ్యాక కూడా జనం స్టాంపులు అంటిస్తూనే ఉన్నారు, ఎందుకంటే జంగ్ తొందరగా జీతేసి కార్లు ఇస్తామని వాళ్లకి చెప్తూ వచ్చారు. జమ అయిన మొత్తం 27 కోట్ల మార్కులు దాటింది.

ఒక్కసారి ఈ మాటలు చూడండి: కిస్తు, రసీదు, జమ, వసూలు, బాకీ. ఇవి అరబీ ఫార్సీ నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయిన మాటలు. ముసల్మాన్ అయినా, హిందూ అయినా, రైతు అయినా, బజార్ ఆద్మీ అయినా, పైసల విషయంలో అందరం ఇవే వాడతాం. అమానత్ అనే మాట మాత్రం తెలుగులో అంతగా కలవలేదు, మన ఇళ్లల్లోనే మిగిలింది. ఈ కథలో అసలు పని ఆ మాటతోనే.

బకెట్ బండి

1939 సెప్టెంబర్ 1న జర్మనీ పోలాండ్ మీద దాడి చేసింది. ఫ్యాక్టరీ ఇంకా పూర్తి కాలేదు. జనానికి కారు తయారుచేయాల్సిన చోట ఫౌజీ సామాను మొదలైంది. నిజానికి ఫౌజ్ వాళ్లు పోర్షెతో 1938 జనవరిలోనే మాట్లాడారు. అంటే సంగ్-ఎ-బున్యాద్ జల్సా జరగకముందే, జనం మొదటి స్టాంపు కొనకముందే, ఇదే కారుని ఫౌజ్‌కి ఎలా వాడాలి అనే మాటలు నడుస్తున్నాయి.

దాన్నుంచి పుట్టింది క్యూబెల్‌వాగెన్, టైప్ 82. మాటకి అర్థం బకెట్ బండి. తలుపులు లేని పాత ఫౌజీ బండ్లలో మనిషి పక్కకి జారిపడకుండా బకెట్ లాంటి లోతు సీట్లు ఉండేవి, వాటి నుంచి ఈ పేరు వచ్చింది. బీటిల్ చాసిస్ మీద రేకు పెట్టె పెట్టినట్టుంటుంది. నడిచే సిపాయి పక్కనే పోవాలి కాబట్టి గంటకి 4 కిలోమీటర్ల నెమ్మదిలో కూడా ఇంజన్ ఆగకూడదని ఫౌజ్ షరతు పెట్టింది. అందుకని వెనక చక్రాల దగ్గర అదనపు గేర్లు పెట్టారు. దానితో రెండు ఫాయిదాలు కలిగాయి: బండి నెమ్మదిగా లాగింది, నేల నుంచి ఎత్తూ పెరిగింది. బరువు 725 కిలోలే. ఇరుక్కుంటే నలుగురు సిపాయిలు పట్టి లేపేస్తారు.

రష్యా మంచులో రేడియేటర్ గడ్డకట్టే ఫికర్ లేదు, ఎడారిలో నీళ్లు మరిగే ఫికర్ లేదు. గాలితో చల్లబడే ఇంజన్ రెండు చోట్లా పనిచేసింది. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్ జనరల్ రొమ్మెల్ ఫౌజ్ ఈ బండ్లతో తిరిగింది. అతని ఫౌజ్‌కి ఎదురుగా నిలబడిన వాళ్లలో బ్రిటిష్ జెండా కింద మన హిందుస్తానీ సిపాయిలూ ఉన్నారు, 4వ ఇండియన్ డివిజన్ ఆ మైదానంలో పేరు తెచ్చుకుంది. ఆ సిపాయిల్లో ముసల్మానులు, హిందువులు, సిక్కులు అందరూ ఉన్నారు. అమెరికన్ ఫౌజ్ అయితే చిక్కిన బండ్లని పరీక్షించి, తమ సిపాయిల కోసం ఒక పూర్తి మాన్యువల్ అచ్చు వేసింది. దాని మీద తారీఖు 1944 జూన్ 6. మిత్ర దేశాల ఫౌజ్‌లు ఫ్రాన్స్ తీరంలో దిగిన రోజు అదే.

క్యూబెల్‌వాగెన్‌లు మొత్తం 50 వేలకి పైగా తయారయ్యాయి. నీళ్లల్లో కూడా ఈదే ష్విమ్‌వాగెన్ అనే రకం 14 వేలు దాటింది. ఈదే బండిలో ఉన్నలాంటి నాలుగు చక్రాల గేర్ సామాను మీద బీటిల్ బాడీ పెట్టి అఫ్సర్ల కోసం చేసింది మన కమాండర్‌వాగెన్. సిపాయికి రేకు పెట్టె, గుడ్డ కప్పు. అఫ్సర్‌కి మూసుకునే తలుపులు, అద్దాలు, వాన పడని కప్పు. పోస్టర్ మీద గరీబు కుటుంబానికి చూపించిన ఆ కారే ఇది.

ఇక జనం కోసం అని పోస్టర్లలో చూపించిన అసలు కేడీఎఫ్ వాగెన్? యుద్ధం అయ్యేలోపు 630 తయారయ్యాయి. అవి నాజీ పెద్దలకి, వాళ్ల దఫ్తర్లకి పోయాయి. స్టాంపులు అంటించిన 3 లక్షల 36 వేల మందిలో ఒక్కరికి, మళ్లీ చెప్తున్నాను, ఒక్కరికి కూడా కారు రాలేదు.

ఎవరి చేతులు కట్టాయి?

పైసల హిసాబ్ ఇంత. ఇక చేతుల హిసాబ్. ఇది చదవటానికి కష్టంగా ఉంటుంది, పిల్లలు పక్కనుంటే మీరు చూసుకుని చెప్పండి.

జర్మన్ యువకులు జంగ్‌కి పోయారు. ఫ్యాక్టరీలో పనివాళ్లు కావాలి. 1940లో పోలాండ్ నుంచి ఆడపిల్లల్ని తెచ్చారు. తర్వాత యుద్ధ ఖైదీల్ని, సోవియట్ దేశాల నుంచి మగవాళ్లని, ఆడవాళ్లని రైలు డబ్బాల్లో తెచ్చారు. 1943లో ఇటలీ యుద్ధం నుంచి తప్పుకోగానే, నిన్నటిదాకా దోస్తులైన ఇటాలియన్ సిపాయిల్ని కూడా ఖైదీలు చేసి పనికి పెట్టారు. 1944లో ఆష్విట్జ్ క్యాంపు నుంచి హంగరీ యూదీల్ని తెచ్చారు. మొత్తం మీద సుమారు 20 వేల మంది ఆ ఫ్యాక్టరీలో జబర్దస్తీ మజ్దూరీ చేశారు. 1944 నాటికి అక్కడ పనిచేసే ప్రతి ముగ్గురిలో ఇద్దరు అలాంటివాళ్లే.

1942లో ఫ్యాక్టరీ ఆవరణలోనే కొన్ని నెలలపాటు ఒక కాన్సంట్రేషన్ క్యాంపు నడిచింది. దాని పేరు ఆర్బైట్స్‌డోర్ఫ్, అంటే "పని ఊరు". పేరు వింటే బస్తీలా ఉంటుంది. లోపల ఉన్నది ముళ్లకంచె, తుపాకులు, ఫ్యాక్టరీ కోసం కట్టడం పని చేసే ఖైదీలు.

అన్నిటికంటే గుండె పట్టేసేది చంటిపిల్లల సంగతి. పోలాండ్, సోవియట్ ఆడవాళ్లకి అక్కడ బిడ్డలు పుట్టేవాళ్లు. తల్లి పనికి వెళ్లాలి కాబట్టి, పుట్టిన కొద్ది రోజులకే బిడ్డని లాక్కుని ఒక షెడ్డులో పడేసేవాళ్లు. 1944లో దాన్ని దగ్గర్లోని రూహెన్ అనే ఊరికి మార్చారు. పాలు సరిగా లేవు, సఫాయీ లేదు, రోగాలు. అక్కడ 350 మందికి పైగా పసికందులు చనిపోయారు. వాళ్ల జిమ్మేదారీ ఫ్యాక్టరీ డాక్టర్‌ది. యుద్ధం అయ్యాక 1946లో బ్రిటిష్ ఫౌజీ అదాలత్ అతనికి మరణశిక్ష వేసింది, 1947లో ఆ శిక్ష అమలు జరిగింది.

అఫ్సర్ సాబ్ ఆ కారు వెనక సీట్లో కూర్చుని పోతున్నప్పుడు ఆ తలుపు గొళ్లెం బిగించిన చెయ్యి ఎవరిదో, ఆ చెయ్యి గల తల్లి తన బిడ్డని ఆఖరిసారి ఎప్పుడు చూసిందో, ఏ మోటార్ పత్రికలోనూ రాయరు.

మళ్లీ అఫ్సర్లకే

1945 ఏప్రిల్‌లో అమెరికన్ ఫౌజ్ ఆ ఊరికి చేరింది. బాంబులతో ఫ్యాక్టరీ చాలా భాగం దెబ్బతింది. మే నెలలో ఊరి పేరు మార్చారు, అప్పటిదాకా "కేడీఎఫ్ కార్ల షహర్" అనే పేరున్న ఆ ఊరు వోల్ఫ్స్‌బుర్గ్ అయింది. తర్వాత ఆ ఇలాఖా బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చింది. ఆగస్టులో మేజర్ ఐవన్ హర్స్ట్ అనే బ్రిటిష్ ఫౌజీ ఇంజనీర్ అక్కడ దిగాడు.

ఆ మిషన్లని హర్జానాగా పీకేసి తీసుకుపోవాలనే మాట కూడా నడిచింది. హర్స్ట్ ఒక బీటిల్‌కి బ్రిటిష్ ఫౌజ్ ఆకుపచ్చ రంగు వేయించి, హెడ్‌క్వార్టర్‌కి పంపాడు. వాళ్లకి నచ్చింది. బండ్ల కొరత ఉంది కాబట్టి 20 వేల కార్లకి ఆర్డర్ ఇచ్చారు. మొదట్లో గోదాముల్లో మిగిలిపోయిన ఫౌజీ సామానుతో, క్యూబెల్‌వాగెన్ చాసిస్‌ల మీద బీటిల్ బాడీలు బిగించి బండ్లు తీశారు.

ఆ కార్లు ఎవరికి వెళ్లాయో చూడండి. జర్మనీని ఆక్రమించిన ఫౌజ్‌ల అఫ్సర్లకి, తర్వాత పోస్టల్ శాఖ లాంటి సర్కారీ దఫ్తర్లకి. అవామ్ కారు అని పేరు పెట్టుకున్న బండి, రెండు హుకూమత్‌ల కింద కూడా ముందు అఫ్సర్ల వాకిలి ముందే ఆగింది. మామూలు జర్మన్ కుటుంబం చేతికి వచ్చేసరికి ఇంకొన్నాళ్లు పట్టింది. ఆ తర్వాత మాత్రం ఆపటం ఎవరి వల్లా కాలేదు. 1955లో పది లక్షలో బండి బయటికి వచ్చింది. 1972లో ఫోర్డ్ మోడల్ టీ రికార్డు దాటింది. 2003లో మెక్సికోలో చివరి బండి దిగేనాటికి మొత్తం 2 కోట్ల 15 లక్షలు పైన. వాట్సాప్ ఫోటోలో ఉన్న కారు ఇదీ, హిట్లర్ చచ్చిన తర్వాత జనానికి అందిన కారు. దాని ఖ్యాతి మాత్రం అతని ఖాతాలో జమ చేస్తున్నాం.

బాకీ

మరి స్టాంపులు అంటించినవాళ్ల అమానత్ ఏమైంది? పైసలు బెర్లిన్‌లో లేబర్ ఫ్రంట్ వాళ్ల బ్యాంకులో ఉండేవి. యుద్ధం చివర్లో అవి సోవియట్ ఫౌజ్ స్వాధీనంలోకి పోయాయి. కార్డులు పెట్టెల్లో దాచుకున్న జనం ఒక సంఘం పెట్టుకుని ఫోక్స్‌వ్యాగన్ మీద ముఖద్దమా వేశారు. కంపెనీ అన్నది: మేము మీ దగ్గర పైసలు తీసుకోలేదు, తీసుకున్నది నాజీ సంస్థ. జనం అన్నారు: మీ కారు పేరు చెప్పే కదా తీసుకున్నది, ఫ్యాక్టరీ ఇదే కదా. ఈ బహస్ అదాలత్‌ల్లో పదేళ్లకి పైగా నడిచింది. 1961లో రాజీ కుదిరింది. మొత్తం స్టాంపులు కట్టినవాళ్లకి కొత్త కారు కొంటే 600 మార్కుల దాకా రాయితీ, కారు వద్దంటే చేతికి 100 మార్కులు. నాలుగేళ్లపాటు జీతంలో ఆరో వంతు కోసి కట్టినవాడి చేతికి, ఇరవై మూడేళ్ల తర్వాత వంద మార్కులు.

చేతులతో పనిచేసినవాళ్ల బాకీ ఇంకా ఆలస్యం. 1986లో కంపెనీయే తన పాత తారీఖ్ తవ్వమని హాన్స్ మోమ్సెన్ అనే పెద్ద చరిత్రకారుడికి పని అప్పగించింది. పదేళ్లకి, 1996లో, మోమ్సెన్, మాన్‌ఫ్రెడ్ గ్రీగర్ కలిసి రాసిన వెయ్యి పేజీల కితాబ్ వచ్చింది. నేను పైన చెప్పిన చాలా సంగతులు ఆ తవ్వకంలో గవాహీతో సహా బయటపడ్డవే. 1998లో కంపెనీ 2 కోట్ల మార్కులతో ఒక ఫండ్ పెట్టింది. అందులోంచి బతికున్న పాత జబర్దస్తీ మజ్దూర్లకి తలా 10,000 మార్కులు ఇచ్చారు. 2,000 మందికి పైగా తీసుకున్నారు. 1999లో ఫ్యాక్టరీలోనే, ఒకప్పుడు బాంబుల నుంచి దాక్కునే బంకర్‌లో, ఆ మజ్దూర్ల యాద్‌గార్ తెరిచారు. ఇది ఆ కంపెనీకి తారీఫ్‌గా చెప్తున్నానో, ఫిర్యాదుగా చెప్తున్నానో మీరే తేల్చుకోండి. ఇరవై వేల మంది పనిచేసిన చోట, యాభై ఏళ్ల తర్వాత రెండు వేల మంది చేతికి అందింది. మిగిలిన చాలామంది అప్పటికే మట్టిలో ఉన్నారు.

ఇప్పుడు హిసాబ్

కమాండర్‌వాగెన్‌లు ఇవాళ దునియాలో చాలా కొద్ది మిగిలాయి. షౌకీన్‌లు వాటికోసం భారీ రకమ్ ఇస్తారు. మామూలు బీటిల్‌కి వెడల్పు మడ్‌గార్డులు, ఫౌజీ రంగు వేసి నకిలీలు కూడా చేస్తారు. సినిమాల్లో కనిపించే క్యూబెల్‌వాగెన్‌లు కూడా చాలాసార్లు అసలువి కావు, 1968 తర్వాత వచ్చిన టైప్ 181 అనే బండికి రంగు మార్చి నడిపిస్తారు. మీ పిల్లలకి పాత బండ్ల షౌక్ ఉంటే వద్దనకండి. ఇంజనీర్ పని గొప్పదే. నీళ్లు లేని ఇంజన్, చక్రం దగ్గర గేర్, ఈదే బండి, ఇవన్నీ నేర్చుకోదగ్గ అఖల్. బండి ఏ గుణాహ్ చేయలేదు.

కానీ ఈసారి ఎవరైనా "హిట్లర్ గరీబుకి కారిచ్చాడు" అంటే కోపం తెచ్చుకోకండి, చాయ్ చెప్పి కూర్చోబెట్టి ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి చూపించండి.

పైసలు కట్టినవాళ్లు: 3 లక్షల 36 వేలు.
కట్టిన పైసలు: 27 కోట్ల మార్కులు పైన.
జబర్దస్తీగా పనిచేసినవాళ్లు: 20 వేలు.
ఫౌజ్‌కి పోయిన బకెట్ బండ్లు: 50 వేలు పైన.
నాజీ పెద్దలకి, దఫ్తర్లకి పోయిన కార్లు: 630.
అఫ్సర్లకి పోయిన నాలుగు చక్రాల కమాండర్‌వాగెన్‌లు: సుమారు 560.
పైసలు కట్టిన గరీబుకి అందిన కార్లు: సున్నా.

ఆ సున్నా దగ్గర వేలు పెట్టి అడగండి, ఇచ్చినదెక్కడ భాయ్ అని. జవాబు వస్తే నాకూ రాయండి.

ఖుదా హాఫిజ్.